సెలవుల్లో పుస్తకం కదలకపోతే

వేసవి సెలవుల్లో మీరు రాస్తున్న పుస్తకం ముందుకు సాగడం లేదని, గడువులోగా ఎలా ముగించాలని అడిగారు. చిక్కు మీ లెక్కలోనే ఉంది. జూన్ 30 గడువు, రెండు అధ్యాయాలు బాకీ, మధ్యలో విజయవాడలో పన్నెండు రోజులు, ఇంటినిండా పిల్లలు. అయినా చేతిలో రెండు నెలలున్నాయని రాశారు. లేవు.

1. క్యాలెండర్‌లో ప్రయాణాలు, పెళ్లిళ్లు కొట్టేయండి. మిగిలినవే మీ రోజులు.

2. చాలామంది వదిలేసేది ఇదే. పనిని రెండుగా విడదీయండి: పుస్తకాలు ఎదురుగా ఉంటేనే అయ్యేది, లేకపోయినా అయ్యేది. మొదటిది ఊరెళ్లకముందే చెన్నైలో తేల్చేయాలి. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలోని పాత ప్రతి మీ వెంట విజయవాడ రాదు కదా! కావలసిన పేజీలకు అనుమతితో నకలు తీసుకోండి. పేజీ అంకె, ముఖపత్రం (పుస్తకం పేరుండే లోపలి పేజీ), దాని వెనకవైపు ప్రచురణ వివరాలు కూడా నకలులో పడాలి. నేనొకసారి అంకె తెగిపోయిన నకలుతో ఊరెళ్లి, ఒక్క పాదసూచిక కోసం మూడు వారాలు ఆగిపోయాను.

3. ఊళ్లో ముందుమాట, భాషా సవరణలు మాత్రమే పెట్టుకోండి. విజయవాడ వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఏడు గంటలు దొరుకుతాయనుకుంటారేమో, పిల్లలు పక్కనుంటే ఒక గంట దక్కినా గొప్పే. పుస్తకం చివర ఏ పదం ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక జోలికి ఇప్పుడు వెళ్లవద్దు, పేజీలు ఖరారయ్యాకే అది.

4. తిరిగొచ్చాక ఇంట్లో గోలైతే కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేందుకు అక్కడ వేరే విభాగం ఉంది.

గడువు పెంచమని అడగాల్సి వస్తే సంపాదకులకు మే నెలలోనే రాయండి, జూన్ 28న కాదు.