ఇంట్లో చేసుకునే వ్యాపారం: రెండుసార్లు చేతులు కాల్చుకున్నాక నాకు కుదిరింది ఇది

మీరు అడిగింది ఇది కదా: "ఇద్దరు చిన్న పిల్లలు, చేతిలో 50 వేలు ఉన్నాయి. పచ్చళ్లా, చీరల అమ్మకమా, బఫే ప్లేట్ల మిషనా? నాకు ఏది కుదురుతుంది?" ఈ మూడింట్లో రెండు నేను చేసి చూశాను. మూడోది మా తోటికోడలు చేస్తోంది, పక్కనే ఉండి చూస్తున్నాను. ఇప్పుడు నాకు నాలుగు రూపాయలు తెస్తున్నది మాత్రం ఈ మూడూ కాదు. మాది తెనాలి.

ముందు ప్లేట్ల మిషను సంగతి చెప్తాను, ఎందుకంటే మీ 50 వేలూ ఒక్క దెబ్బకి పోయేది అక్కడే. 2017లో పేపర్లో ప్రకటన చూసి ఫోన్ చేశాం. మిషను మా దగ్గర కొనండి, ముడి సరుకు మేమే పంపిస్తాం, తయారైన ప్లేట్లు మేమే కొంటాం అన్నారు. బాండు పేపరు మీద అగ్రిమెంటు కూడా రాశారు. మిషను 68 వేలు. నా గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చాం. మొదటి విడత సరుకు తీసుకుని డబ్బిచ్చారు. రెండో విడత "అంచులు సరిగ్గా లేవు" అని తిప్పి పంపారు, ఆటో బాడుగ కూడా మా నెత్తినే. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. వాళ్ల వ్యాపారం ప్లేట్లు కాదు, మిషన్లు అమ్మడం. ఈ ముక్క మాకు ఏడాది తర్వాత వెలిగింది. అగరుబత్తీలు, దూది వత్తులు, కొవ్వొత్తులు, ఏ పేరుతో వచ్చినా "తయారు చేసింది మేమే కొంటాం" అంటే ఒక్కటే అడగండి: అంత గిరాకీ ఉంటే మిషను వాళ్లే పెట్టుకుని చేసుకోవచ్చుగా? ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేదీ ఆ తానులో ముక్కే.

పోనీ మోసం లేకపోయినా ఆ పని నాకు కుదిరేది కాదు. మాది పై వాటా. మిషను చప్పుడుకి కింద వాళ్లకి నిద్ర లేదు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడపకూడదని, దానికి కేటగిరీ వేరని మీటరు రీడింగు తీసే అబ్బాయి చెప్పేదాకా మాకు తెలియదు. చివరికి పాత ఇనుము లెక్కన 11 వేలకి తూకం వేసి ఇచ్చేశాం.

తర్వాత చీరలు. విజయవాడలోని హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలతలో 40 వేల సరుకు దించాను. అమ్మడం కష్టం కాలేదు, మూడు వారాల్లో సగం అయిపోయాయి. వసూలు చేయడమే నా వల్ల కాలేదు. అందరూ తెలిసినవాళ్లే, అందరూ "వచ్చే నెల ఇస్తా వదినా" అనేవాళ్లే. మా ఆడపడుచు ఒక ముదురాకుపచ్చ చీర తీసుకుంది. నాలుగు పెళ్లిళ్లకి కట్టింది, డబ్బు మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఒక దశలో నా పుస్తకంలో బాకీలే 23 వేలు. మా వీధిలో ఇంకొకావిడ ఇదే చీరల వ్యాపారం హాయిగా చేసుకుంటోంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, నవ్వుతూనే, డబ్బు చేతిలో పడేదాకా కదలదు. నాకూ ఆవిడకీ సరుకులో తేడా లేదు, గొంతులో ఉంది. కాబట్టి "మొహమాటపడకుండా డబ్బు అడగగలనా?" అన్నది లాభం ఎంత అన్నదానికంటే ముందే తేల్చుకోండి. అడగలేకపోతే అరువు లేని పని చూసుకోవాలి.

ఆ చీరల వల్లే నా పని నాకు దొరికింది. కొన్నవాళ్లంతా "ఫాల్ వేయించి ఇవ్వరాదూ" అనేవాళ్లు, అదే, చీర కింది అంచుకి లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీ. మొదట బయట ఇచ్చేదాన్ని. చీరకి ఫాల్‌కీ, పీకోకీ (చీర చివరలు పోగులు ఊడకుండా వేసే జిగ్‌జాగ్ కుట్టు) అయ్యే డబ్బు లెక్క వేసుకుంటే, చీర మీద నాకు మిగిలేదానికంటే అదే నయంగా కనిపించింది. 2021లో పాత జిగ్‌జాగ్ మిషను 6,500కి కొన్నాను, దారపు రీళ్ల డబ్బా ఇంకో 900. అంతే పెట్టుబడి.

ఫాల్ అంటే ఏముంది, కుట్టేయడమే అనుకుంటారు. ముందు రాత్రి ఫాల్ ముక్కని నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుని చీర కుచ్చిళ్ల దగ్గర ముడతలు పడుతుంది. కింది అంచు మిషను మీద వేసినా, పై అంచు చేత్తో హెమ్మింగ్ చేయాలి, దారం పైకి కనిపించకుండా ఒక్క పోగు మాత్రమే పట్టాలి. పట్టు చీరైతే సన్న సూది. చీరకి 40 నిమిషాలు పడుతుంది. మా ఊళ్లో 120 తీసుకుంటున్నాను, ఫాల్, దారం పోను 90 దాకా మిగులుతాయి. మామూలు నెలల్లో రోజుకి ఐదారు చీరలు, శ్రావణ మాసంలో పది. కొంగు కుచ్చులు కూడా నేర్చుకున్నాను, వాటి మీద ఇంకా బాగా మిగులుతుంది. ఇదేం గొప్ప ఆదాయం కాదు. కానీ పిల్లలు బడికెళ్లి వచ్చేలోపు పని అవుతుంది, మధ్యలో పాలు పొంగినా లేచి వెళ్లొచ్చు, చప్పుడు లేదు. చీర నా దగ్గరే ఉంటుంది కాబట్టి డబ్బు అడగక్కర్లేదు, వాళ్లే ఇచ్చి తీసుకెళ్తారు!

ఇక పచ్చళ్లు. మీ అత్తగారి ఆవకాయని అందరూ మెచ్చుకుంటారని రాశారు. మెచ్చుకునేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. మా తోటికోడలు మొదటి ఏడాది ఐదు కిలోలే పెట్టి, చుట్టాలకి కూడా ఊరికే ఇవ్వకుండా ధర చెప్పి అమ్మింది. మళ్లీ అడిగినవాళ్లు ఎంతమందో చూసుకుని రెండో ఏడాది పెంచింది. ఈ వ్యాపారంలో డబ్బంతా మే నెలలోనే పెట్టేయాలి. కాయలు, గుంటూరు కారం, ఆవాలు, నూనె అన్నీ ఆ రెండు మూడు వారాల్లోనే, తిరిగి రావడం మాత్రం ఏడాది పొడుగునా. ముక్కలు తడి లేకుండా తుడవాలి, టెంక లోపలి జీడి, పొర తీయాలి. ఆ వారం ఇంట్లో వేరే వంట ఉండదు, పసిపిల్లల్ని కారం దగ్గరికి రానివ్వకూడదు. అదీ మీ అత్తగారి చేతి వాటమైతే, ఆవిడ ఓపిక తగ్గిన రోజు మీరు అదే రుచి తేగలరా అనేది మీరే చెప్పాలి. ఆహార పదార్థం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు. మా తోటికోడలు అది తీసుకున్న 2022లో, ఏడాదికి 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకి ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ పేరు చెప్పి వేలు అడిగే ఏజెంట్లు ఉన్నారు, జాగ్రత్త. తనకి ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం కొరియర్. బెంగళూరు పంపిన ప్యాకెట్ నూనె కారి వెళ్లింది, డబ్బు వెనక్కిచ్చింది. ఇప్పుడు రెండు కవర్లు వేసి సీలు చేస్తోంది.

ఏది మొదలుపెట్టినా మీ 50 వేలల్లో పది వేలు మించి మొదటి ఆరు నెలలు బయటికి తీయకండి. లోను మాట అప్పుడే వద్దు.

మీది కింద వాటానా పై వాటానా, చిన్న పిల్ల బడికి వెళ్తోందా, ఇంటికి మనుషులు వచ్చి పోతుంటే మీ ఇంట్లో ఎవరికైనా ఇబ్బందా? ఇవి రాస్తే ఇంకాస్త సరిగ్గా చెప్పగలను. కాకపోతే జవాబు కొంచెం ఆలస్యమవుతుంది, వరలక్ష్మీ వ్రతం చీరలు అప్పుడే 34 వచ్చి పడ్డాయి.