నీ నీరటి తప్పును చెరిపేయకు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు,

నీ నవల అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం ఏకబిగిన చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పందొమ్మిదో అధ్యాయం దగ్గరికి వచ్చాక మాత్రం పెన్సిలు ముందుకు సాగలేదు. ఈ ఉత్తరమంతా ఆ అధ్యాయం గురించే.

ముందు నాకు నచ్చింది చెప్పాలి. మాయలు, మంత్రాలు ఉన్న కథ రాయాలనుకోగానే చాలామందికి ఎక్కడివో మంచుకొండలు, ఎవరివో రాతికోటలు గుర్తుకొస్తాయి. నువ్వు కల్వకుర్తిలో కూర్చుని గొలుసుకట్టు చెరువుల రాజ్యాన్ని కట్టావు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీళ్లు, అది నిండితే ఆ కింది దానికి. చెరువుకట్టను కాచే దేవత కట్టమైసమ్మ ఎండాకాలమంతా ముసలమ్మగా ఉండి, తొలి వరద రాగానే పడుచుపిల్లగా లేచి నిలబడే చోట కాగితాలు ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. అన్నిటికంటే ముఖ్యం, నీ కథానాయకుడు రాకుమారుడు కాదు, నీరటి. తూము తెరిచి మూసేవాడు. పంట చేతికొచ్చినప్పుడు కల్లాల దగ్గర మేర కోసం, అంటే తన వంతు గింజల కోసం, నిలబడేవాడు. అలాంటివాడికి నీళ్ల మాట వినగలిగే శక్తినిచ్చావు. మన ఊళ్లలో తరతరాలుగా చెరువును కాపాడినవాడికి ఇన్నాళ్లకు ఒక కథ దొరికిందని సంతోషించాను.

వాడు కాపలా ఉండాల్సిన రాత్రి పై చెరువు కట్టకు బుంగ పడింది. తెల్లారేసరికి అది గండి అయింది. గొలుసుకట్టు కాబట్టి ఆ వరదంతా కింది చెరువు మీద పడింది, అదీ తెగింది. అలా ఏడు చెరువులు, ఏడు ఊళ్లు. వాణ్ని వెలివేశారు. పద్దెనిమిది అధ్యాయాలు వాడు ఆ వెలిని మోస్తూ తిరిగాడు, నేనూ వాడి వెంట తిరిగాను. పందొమ్మిదో అధ్యాయంలో నువ్వు ఏం చేశావు? ఆ రాత్రి మంత్రి మనుషులు వచ్చి కట్టను తవ్వారని, వాడి తాగునీళ్లలో మత్తుమందు కలిపారని, వాడి తప్పేమీ లేదని తేల్చేశావు.

బిడ్డా, అక్కడ వాడు నా చేయి వదిలి వెళ్లిపోయాడు. అప్పటిదాకా వాడిలో నేను మెచ్చుకున్న ప్రతి గుణమూ ఆ తప్పులో నుంచి మొలిచిందే. వానపడితే నిద్రపోకపోవడం, ఎవరింట్లోనూ అన్నం తినకుండా అరుగు మీదే కూర్చోవడం, పిల్లలు నీళ్లలో దిగితే గుండె అదిరి పరుగెత్తడం. తప్పు లేదని తేలాక ఇవన్నీ ఒక అమాయకుడు అనవసరంగా పడిన బాధలుగా మిగిలాయి. అమాయకుడి మీద జాలి కలుగుతుంది, నిజమే. కానీ నువ్వు వాడి మీద జాలి పుట్టించాలనుకోలేదు. గౌరవం పుట్టించాలనుకున్నావు.

నీకు ఒక మనిషి గురించి చెప్తాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు దేవరకొండ దగ్గర మా ఊరి చెరువు తెగింది. అప్పటి నీరటి ఆ రాత్రి కట్ట మీద లేడు. పక్క ఊళ్లో బంధువుల ఇంట్లో విందుకు వెళ్లి, వాన ఎక్కువగా ఉంది కదా, పొద్దున పోదాంలే అని అక్కడే పడుకున్నాడు. అంతే. అందులో కుట్ర లేదు, ఎవరూ మత్తుమందు పెట్టలేదు. మా మడి మోకాలి లోతు ఇసుక మేట వేసింది. ఆ ఇసుక ఎత్తిపోయడానికి మా ఇంట్లో వాళ్లకు మూడేళ్లు పట్టింది. ఆయన పని తీసేసి ఇంకొకరికి ఇచ్చారు. పెళ్లికి పిలవలేదు, చావుకు కబురు చేయలేదు.

ఆ మరుసటి వానాకాలం నుంచి ఆయన రాత్రిపూట కట్ట మీద కనిపించేవాడు. పని ఆయనది కాదు, మేర గింజలు ఇచ్చేవాళ్లు లేరు, రమ్మన్నవాళ్లు అంతకంటే లేరు. గోనెసంచి తలమీద కప్పుకుని, వెదురుకర్ర ఒక కొన కట్టలోకి గుచ్చి, రెండో కొన చెవికి ఆనించుకుని కూర్చునేవాడు. లోపల ఊట నడిస్తే చప్పుడు వినిపిస్తుందట. ఎండ్రకాయల బొక్క కనపడితే మట్టి పిసికి, గడ్డి కలిపి కూరేవాడు. తెల్లారేలోపు వెళ్లిపోయేవాడు. కొత్త నీరటి పొద్దున వచ్చి ఆ తడిమట్టి చూసి ఏమీ అనేవాడు కాదు.

మా అమ్మ ఆయనతో చివరిదాకా మాట్లాడలేదు. ఇసుక మేట వేసిన మడిని ఆమె మరిచిపోలేదు. కానీ ముసురు పట్టిన రోజుల్లో, చీకటి పడే వేళకు, లాంతరులో నిండుగా కిరసనాయిలు పోసి అరుగు చివర పెట్టి తలుపు వేసుకునేది. ఎవరికోసం అని ఒకసారి అడిగితే దెబ్బ పడింది. పొద్దున లేచి చూస్తే లాంతరు మళ్లీ అదే చోట ఉండేది. దాని గాజు తుడిచి ఉండేది, మసి చుక్క కూడా లేకుండా.

ఆయన మంచివాడా, చెడ్డవాడా అని నన్ను అడిగితే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ గాజు తుడిచిన చేతులు మాత్రం నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంటాయి. వెలివేయబడ్డ కథానాయకుడి గొప్పతనం గురించి నాకు తెలిసిందంతా ఆ గాజు మీదే ఉంది. తప్పు ఒప్పుకున్నాడు గానీ దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. క్షమించమని అడిగి ఎదుటివాళ్ల మీద ఇంకో బరువు పెట్టలేదు. తనను వద్దన్న ఊరికి అవసరమైన పని తనకు తెలుసు కాబట్టి చేశాడు. తీసుకున్న లాంతరును తీసుకున్నదానికంటే శుభ్రంగా తిరిగి ఇచ్చాడు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. కర్ణుణ్ని చూడు. నాటకాల్లో, సినిమాల్లో మనం ఆయనను కడిగి కడిగి తెల్లగా చేశాం. వ్యాసుడు అలా చేయలేదు. నిండు సభలో ద్రౌపదిని నోటికొచ్చిన మాట అన్నదీ, ఆమె చీర లాగమన్నదీ కర్ణుడే. సూతపుత్రుడని పదేపదే అవమానం పొందినవాడు, అవమానం ఎంత కోస్తుందో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు, ఆ కత్తినే ఒక ఆడమనిషి మీద ఎత్తాడు. దాన్ని కవి దాచలేదు. అదే కర్ణుడు ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి, నువ్వు కుంతి కొడుకువి, రా, రాజ్యం నీదే అన్నప్పుడు ఒప్పుకోలేదు. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను అన్న కటువైన మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానన్నాడు. ఈ రహస్యం ధర్మరాజుకు చెప్పవద్దన్నాడు. చెబితే ధర్మరాజు రాజ్యం తీసుకోడు, నాకిస్తే నేను దుర్యోధనుడికే ఇచ్చేస్తాను అన్నాడు. ఓడిపోయే పక్షమేదో తెలిసీ ఆ పక్షానికే తిరిగి వెళ్లాడు. ఆ సభలోని మాటలను కొట్టివేసి ఈ ఘట్టం చదివి చూడు, సగం బలం పోతుంది. పశ్చాత్తాపపడటానికి ఏదో ఒకటి నిజంగా జరిగి ఉండాలి కదా.

మన దగ్గరివాడే ఇంకొకడున్నాడు, సర్వాయి పాపన్న. కల్లుగీసే కులంలో పుట్టి, మొఘలుల కాలంలో కోటలు కట్టి, 1708లో ఓరుగల్లు మీద పడినవాడు. ఊళ్లలో కథ చెప్పేవాళ్ల నోట ఆయన వీరుడు. ఆనాటి మొఘలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ మాత్రం, విధవ అయిన సొంత అక్కచెల్లెలిని కొట్టి దోచుకుని ఆ సొమ్ముతో మనుషులను కూడగట్టాడని రాశాడు. ఖాఫీ ఖాన్ శత్రువర్గం మనిషి, అతని మాట ఎంతవరకు తీసుకోవాలో జాగ్రత్తగా చూడాలి. కానీ రాసేవాడిగా నేను రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంటాను. దోచుకోబడిన ఆ తోబుట్టువు పల్లెపాటను అరుగు మీద కూర్చుని వింటే ఎలా ఉంటుంది? నేను నవల రాస్తే అక్కడ మొదలుపెడతాను.

ఇక నీ నవలలో చేయాల్సిన పనులు. మంత్రి కుట్రను తీసేయి. మంత్రి దుర్మార్గుడిగానే ఉండవచ్చు, దానికి నీ దగ్గర వేరే సాక్ష్యాలు చాలా ఉన్నాయి. గండి మాత్రం నీరటిదే కావాలి. అలాగని వాణ్ని రాక్షసుణ్ని చేయకు. పాఠకుడు తన వేలితో తనను చూపించుకోగలిగేంత చిన్న తప్పు చాలు. మన జీవితాల్లో పెద్ద నష్టాలు చాలావరకు పొద్దున చూద్దాంలే అన్న మాటతోనే మొదలవుతాయి. వాడికి నీళ్ల మాట వినే శక్తి ఉంది కదా. ఆ రాత్రి నీళ్లు వాణ్ని పిలిచాయా? పిలిస్తే విన్నాడా? విని కూడా పక్కమీద నుంచి లేవలేదా? నువ్విచ్చిన శక్తీ వాడు చేసిన తప్పూ ఒకే చోట ముడిపడితే, ఆ తర్వాత వాడు ఏ వాగు దగ్గర చెవి పెట్టినా పాఠకుడికి ఆ రాత్రి వినిపిస్తుంది. ఇప్పుడు నీ కథలో ఆ శక్తి దారి వెతకడానికి, శత్రువు జాడ తీయడానికి మాత్రమే పనికొస్తోంది. అది చాలా తక్కువ వాడకం.

వాడి బాల్యం గురించి నువ్వు రాసిన నాలుగు పేజీలు కూడా నాకు ఇబ్బందిగా అనిపించాయి. తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి వాడు ఇలా అయ్యాడు అన్నట్టుగా ఉంది. దీనికి నిన్ను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాలని ఉంది. మా ఇంటి నుంచి ఎంతో దూరం లేదు, ఉదయసముద్రం చెరువుకు దగ్గర్లోనే. అక్కడ గర్భగుడిలో స్తంభం ఆకారంలో ఒక నీడ పగలంతా నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడుస్తున్నా ఆ నీడ కదలదు. మొదటిసారి వెళ్లినవాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను, అది ఏ స్తంభం నీడో కనిపెట్టాలని ఒక్కొక్క స్తంభం దగ్గర నిలబడి చూశాను. ఏ ఒక్కదానిదీ కాదు. స్తంభాల మధ్య సందుల్లోంచి వచ్చే వెలుతురు అటూ ఇటూ పడి, నడుమ చీకటిగా మిగిలిన చోటు అది. మనిషిలోని లోపం కూడా అలాంటిదని నాకు అనిపిస్తుంది. ఒక్క కారణం చూపించి ఇదిగో ఇందువల్ల అని చెప్పగానే అది అబద్ధమైపోతుంది. తల్లి చావును ఉంచు, కానీ వివరణగా వాడకు. వాడు పనిలో ఎంత నేర్పరో, ఆ నేర్పు వల్ల ఎంత ధీమా వచ్చిందో, ఊరు వాణ్ని ఎంత చులకనగా చూసిందో అవి కూడా పక్కపక్కన నిలబెట్టు. నీడ దానంతట అదే పడుతుంది.

ఇంకో మాట. నీ నీరటి మరీ మౌనమునిలా ఉన్నాడు. వెలి పడినవాడు కూడా నవ్వుతాడు, బెల్లం కోసం ఆశపడతాడు, పేకాటలో మోసం చేస్తాడు. ఇరవై మూడో అధ్యాయంలో గాడిదల వాడితో బేరమాడే చోట వాడు మొదటిసారి మనిషిలా మాట్లాడాడు. అలాంటివి ఇంకా కావాలి. యుద్ధం ఉన్న అధ్యాయాలు తగ్గించు, వాటిలో నీకు మనసు లేదని తెలిసిపోతోంది.

చివరగా ఏడో ఊరి ఆమె. వరదలో కొడుకును పోగొట్టుకున్న కుమ్మరి స్త్రీ. మూడో అధ్యాయంలో ఒక వాక్యంలో వచ్చి, మళ్లీ ఆఖరి అధ్యాయంలో వాడి తల నిమిరి, నిన్ను క్షమించాను నాయనా అంటుంది. వాడు ఏడుస్తాడు, వాన కురుస్తుంది. ఆ పేజీ చుట్టూ పెన్సిలుతో గీత గీశాను. ఆమె కొడుకు పోయాడు బిడ్డా. నీ కథ ముగియాల్సి ఉంది కాబట్టి ఆమె క్షమించనక్కర్లేదు. వాడు దప్పికతో ఆమె వాకిట్లోకి వస్తాడు కదా, అక్కడిదాకా నువ్వు రాసింది చాలా బాగుంది. ఆమె చేతిలో అప్పుడే సారె మీద నుంచి తీసిన పచ్చికుండ ఉంది. వాడెవరో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని వాడికీ తెలుసు. అక్కడి నుంచి మళ్లీ రాయి. ఆమె నోటి మాటలు ముందే అనుకోవద్దు, ఆ వాకిట్లో నువ్వు కూడా నిలబడి చూడు.

దసరా సెలవుల్లో వీలైతే నల్లగొండ బస్సెక్కు. పానగల్లు వెళ్దాం. వచ్చేటప్పుడు ఆ ఒక్క అధ్యాయమైనా పట్టుకుని రా.

ఆశీస్సులతో,
మీ సారు