టెక్ సందేహాలు: ఎడిటర్‌కు తెలియని ఆటలో కొత్త లెవెల్

ప్రశ్న: మాది పర్లాకిమిడి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ బరంపురంలో చదువుకునే రోజుల్లో స్నేహితులతో కలిసి డూమ్ అనే పాత కంప్యూటర్ ఆట ఇంజిన్ (ఆటను నడిపే ప్రోగ్రాము) మీద ఒక చిన్న ఆట తయారుచేశారు. ఇప్పటికీ దాన్ని, పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్‌లో ఆడుకుంటాం. మా ఊరి పాత చిన్న రైలు స్టేషన్‌ను అందులో ఒక లెవెల్‌గా చేర్చాలని నా కోరిక. లెవెళ్లు గీసే ఎడిటర్ డూమ్ బిల్డర్ జాబితాలో ఈ ఆట పేరు లేనందున డూమ్ 2 అని ఎంచుకొని తెరిచాను. గోడలన్నీ సరిగ్గానే వచ్చాయి, శత్రువులు ఉండవలసిన చోట మాత్రం ప్రశ్నార్థకాలు కనిపించాయి. ఒక గది గీసి, ఇద్దరు శత్రువులను నిలబెట్టి సేవ్ చేస్తే, ఆ లెవెల్ మొదలవుతుండగానే ఆట ఆగిపోతోంది. ఎడిటర్ సోర్స్ కోడ్ మార్చవలసి ఉంటుందా?

జవాబు: సోర్స్ కోడ్ జోలికి వెళ్లనక్కరలేదు. లెవెల్ ఎడిటర్‌కు నిజానికి ఏ ఆటా తెలియదు. ఫైలులో అంకెలు ఏ వరుసలో, ఎన్నేసి బైట్లలో పేర్చి ఉంటాయన్నది దానికి తెలుసు; ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే జాబితా దాని దగ్గర ఉంటుంది. మొదటిది ప్రోగ్రాములో భాగం. రెండోది మాత్రం ఎవరైనా తెరిచి మార్చుకోగల మామూలు టెక్స్ట్ ఫైలు. గోడలు సరిగ్గా వచ్చాయని మీరు రాశారు కాబట్టి ఫైలు అమరిక దాదాపుగా కుదిరినట్టే. అమరిక తేడా అయితే గోడలకు బదులు తెర నిండా చిక్కుపడిన దారపు ఉండ కనిపించేది.

అయినా పని మొదలుపెట్టే ముందు ఒకసారి నిర్ధారించుకోండి. స్లేడ్ వంటి ప్రోగ్రాములో ఆట డేటా ఫైలు నకలును తెరిస్తే ప్రతి లెవెల్ కింద థింగ్స్ (శత్రువులు, వస్తువులు), లైన్‌డెఫ్స్ (గోడల గీతలు), సైడ్‌డెఫ్స్ (గీతల పక్కలు), వర్టెక్సెస్ (గీతలు కలిసే బిందువులు) అనే భాగాలు, వాటి పరిమాణాలు కనిపిస్తాయి. డూమ్ పద్ధతిలో ఒక్కో గీతకు 14 బైట్లు, అదే ఇంజిన్ మీద వచ్చిన హెక్సెన్ ఆట పద్ధతిలో 16 బైట్లు పడతాయి కాబట్టి లైన్‌డెఫ్స్ పరిమాణాన్ని భాగించి చూస్తే ఏ పద్ధతో తేలిపోతుంది. థింగ్స్‌ను భాగించి నిర్ణయానికి రావద్దు. అక్కడ డూమ్‌కు 10, హెక్సెన్‌కు 20 బైట్లు కావడం వల్ల 20తో పోయే ప్రతి సంఖ్యా 10తోనూ పోతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. లెవెల్‌లో బిహేవియర్ అనే భాగం ఉంటే మాత్రం సందేహం లేకుండా అది హెక్సెన్ పద్ధతే.

ఇక ఆట ఆగిపోవడం. ఆగినప్పుడు డాస్ తెర మీద మిగిలే చివరి వాక్యాన్ని చదివారా? అందులో పీ_స్పాన్‌మ్యాప్‌థింగ్, అన్‌నోన్ టైప్ అన్న మాటలు, వాటి పక్కన ఒక అంకె ఉంటే కారణం దొరికినట్టే. డూమ్‌ను తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ 1997 డిసెంబరులో బయటపెట్టిన డూమ్ సోర్స్ కోడ్‌ను చూస్తే, తనకు తెలియని అంకె ఉన్న వస్తువు లెవెల్‌లో ఎదురైతే ఇంజిన్ దాన్ని వదిలేసి ముందుకు పోదనీ, ఆటనే ఆపేస్తుందనీ స్పష్టంగా తెలుస్తుంది. మీరు పెట్టిన ఇద్దరూ డూమ్ 2 శత్రువులు. వాళ్లలో ఒకరి అంకె 3004 అనుకుందాం. మీ మామయ్య ఆ శత్రువుకు కొత్త అంకె ఇచ్చి ఉంటే, ఈ ఆటలో 3004 అంటే ఎవరూ లేరు. ఎడిటర్‌లో ప్రశ్నార్థకాలు రావడానికి, ఆట ఆగిపోవడానికి మూలం ఒక్కటే.

కాబట్టి కొత్త అంకెల జాబితా సంపాదించడమే అసలు పని. ఆ రోజుల్లో శత్రువులను మార్చాలనుకున్న వారు ఎక్కువగా డీహ్యాక్‌ఎడ్ అనే సాధనంతోనే మార్చేవారు. మామయ్యగారి పాత సీడీలలో పేరు చివర డీఈహెచ్ అని ఉన్న చిన్న ఫైలు ఉందేమో వెతకమని అడగండి. అది దొరికితే ప్రతి వస్తువు దగ్గర ఐడీ అన్న వరుసలో మీకు కావలసిన అంకే ఉంటుంది. ఆ ఫైలు పోయినా, మార్చిన ఆట ప్రోగ్రామునే డాస్‌బాక్స్‌లో డీహ్యాక్‌ఎడ్‌తో తెరిచి అవే వివరాలు చూడవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. డీహ్యాక్‌ఎడ్ ఫైలులో వెడల్పు, ఎత్తు 65536తో గుణించి రాసి ఉంటాయి. అక్కడ వెడల్పు 1310720 అని కనిపిస్తే ఎడిటర్ జాబితాలో 20 అని, ఎత్తు 3670016 అయితే 56 అని రాయాలి.

రెండు దారులూ మూసుకుపోతే పాత లెవెళ్లలో ఉన్న అంకెలన్నీ కాగితం మీద రాసుకొని, ఖాళీ గదిలో ఒక్కొక్కటే పెట్టి, ఆట నడిపి, ఎవరు కనిపించారో పక్కన రాసుకోవడమే మార్గం. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవరల నోట ఒక్కో మాటా విని రాసుకొని వారి భాషకు నిఘంటువు కూర్చారు. దానితో పోలిస్తే మీ జాబితా చాలా చిన్నది, ఒక ఆదివారం కూర్చుంటే పూర్తవుతుంది.

డూమ్ బిల్డర్‌లోని కాన్ఫిగరేషన్స్ ఫోల్డరులో డూమ్ 2 ఫైలుకు నకలు తీసి, లోపలి ఆట పేరు మార్చండి. వస్తువుల జాబితా ఆ ఫైలులోనే ఉండకపోవచ్చు. ఇన్‌క్లూడ్స్ ఫోల్డరులోని వేరే ఫైలు నుంచి వస్తుంటే, దానికీ నకలు తీసి, పిలిచే వరుసలో కొత్త పేరు రాయాలి. ఆ నకలులో పాత శత్రువులను తీసివేసి, మీ అంకెలు, పేర్లు, బొమ్మల పేర్లు, కొలతలు చేర్చండి. తలుపులు, లిఫ్టుల వంటి గీతల చర్యల జాబితాను కదపవద్దు. వాటిని మార్చే వీలు డీహ్యాక్‌ఎడ్‌కు లేదు కాబట్టి పాత జాబితాయే ఈ ఆటకూ సరిపోతుంది. గోడల బొమ్మల కోసం డూమ్ 2 ఫైలును కాకుండా మీ ఆట డేటా ఫైలునే రిసోర్స్‌గా చూపించండి. లేకపోతే ఈ ఆటలో లేని బొమ్మను గోడకు అతికించే ప్రమాదం ఉంది, అప్పుడూ ఆట ఆగిపోతుంది. సేవ్ చేసేటప్పుడు యూడీఎంఎఫ్ అనే కొత్త లెవెల్ పద్ధతిని గానీ, కొత్త ఇంజిన్లకు మాత్రమే అర్థమయ్యే నోడ్స్‌ను (లెవెల్‌ను గీయడానికి ఇంజిన్ వాడే విభజన వివరాలను) గానీ ఎంచుకోవద్దు. లెవెల్‌ను వేరే ఫైలుగా దాచి, ఆటను నడిపేటప్పుడు ఫైల్ అన్న ఆదేశంతో జత చేస్తే మామయ్యగారి అసలు ఫైలు చెక్కుచెదరదు.

స్టేషన్ గురించి కూడా ఒక మాట. 1900లో నౌపడా నుంచి మీ ఊరికి నడిచిన ఆ నారోగేజి రైలును ఆటలో నిలపాలన్న మీ ఆలోచన నాకెంతో నచ్చింది. అందుకే ముందుగా హెచ్చరిస్తున్నాను. ఆటగాడు 24 యూనిట్లకు మించిన మెట్టు ఎక్కలేడు కాబట్టి ప్లాట్‌ఫారం ఎత్తు అంతలోపే ఉంచండి, లేదా మెట్లు కట్టండి. పాత ఇంజిన్ ఒకే చూపులో 128కి మించి నేల, పైకప్పు తలాలను గీయలేక ఆగిపోతుంది. స్టేషన్ యార్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేసారి కనిపిస్తే ఆ హద్దు సులభంగా దాటిపోతుంది. మధ్యలో గూడ్సు షెడ్డు గోడనో, నిలిచి ఉన్న పెట్టెనో అడ్డుగా పెడితే ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. డాస్ కాలం నాటి లెవెల్ ఎడిటర్ ఒకటి నా దగ్గర ఉంది. విండోస్ 11లో తెరుచుకోవడం లేదు.

జవాబు: డాస్ ప్రోగ్రాములను నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం 64 బిట్ విండోస్‌లో లేదు, విండోస్ 11 మొత్తం 64 బిట్టే. డాస్‌బాక్స్‌లో ఆ ఎడిటర్ ఉన్న ఫోల్డరును మౌంట్ చేసి నడపండి. పాత లెవెళ్లను తెరిచి చూడటానికి అది చాలు. కొత్తగా గీయడానికి మాత్రం పై జవాబులో చెప్పినట్టు ఇప్పటి ఎడిటర్‌కు మీ ఆట జాబితాను రాసి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.