ఐరాస పెద్ద కుర్చీకి పెళ్లిచూపులు

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను సార్. గుటెరస్ పదవీకాలం 2026 డిసెంబరు 31తో అయిపోతుంది కదా, ఐరాస సెక్రటరీ జనరల్ పదవికి పోటీపడేవాళ్లని అన్ని దేశాల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారట, ఎవరైనా లైవ్‌లో చూడొచ్చట. బాగా మాట్లాడినవాళ్లే గెలుస్తారా? మన ఓటుకి విలువెంత? (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: పెళ్లిచూపుల్లో హాల్లో కూర్చున్న చుట్టాలంతా తలా ఒక ప్రశ్న వేస్తారు, సంబంధం ఖాయమయ్యేది మాత్రం లోపలి గదిలో. ఇదీ అంతే. 2016 దాకా అసలు ఆ హాలు కూడా లేదు, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మొదటిసారి అభ్యర్థులని జనరల్ అసెంబ్లీలో అందరి ముందూ ప్రశ్నించారు. గుటెరస్‌కి అక్కడ మంచి మార్కులే పడ్డాయి, కాబట్టి చూడటం దండగ అనను. కానీ చార్టర్ 97వ అధికరణం (పరీక్షకి గుర్తుపెట్టుకోండి) ప్రకారం భద్రతా మండలి సిఫార్సు చేస్తేనే అసెంబ్లీ నియమించాలి, మండలేమో ఒక్క పేరే పంపుతూ వస్తోంది. ఇక 193 దేశాలకీ మిగిలేది చప్పట్లు కొట్టడమే. మండలిలో 15లో 9 ఓట్లు రావాలి, పైగా వీటో ఉన్న ఐదుగురిలో ఎవరూ అడ్డుపడకూడదు. 1996లో బుట్రోస్ ఘలీ రెండోసారి అడిగితే 14 ఓట్లొచ్చాయి, రానిది అమెరికాది ఒక్కటే, ఆయన ఇంటికెళ్లాల్సి వచ్చింది. 1981లో వాల్ద్‌హైమ్‌కి మూడోసారి ఇవ్వకుండా చైనా 16 సార్లు వీటో వేసింది. పంతమంటే అదీ!

మన ఓటంటారా, 2026లో మండలిలో మనం లేం. పాకిస్తాన్ ఉంది, 2025–26కి ఎన్నికైన సభ్యదేశంగా. చివుక్కుమంటుంది గానీ, వాళ్లకీ వీటో లేదులెండి.

ప్రశ్న: మనవాళ్లెవరూ ఆ కుర్చీ దగ్గరదాకా వెళ్లలేదా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: 2006లో శశి థరూర్ వెళ్లారు. మండలి లోలోపల జరుపుకునే నమూనా ఓటింగులు నాలుగింటిలోనూ బాన్ కీ మూన్ తర్వాత ఆయనదే రెండో స్థానం. చివరి విడతలో వీటో దేశాల బ్యాలెట్లకి వేరే రంగు పెట్టారు, థరూర్‌కి 10 మంది సరేనన్నా, వద్దన్న ముగ్గురిలో ఒకటి ఆ రంగు కాగితమే. వెంటనే తప్పుకున్నారు.

ప్రశ్న: ఈసారైనా మహిళకి ఇస్తారా? (అదే గుంటూరు నుంచి)

జవాబు: ఇంతవరకూ తొమ్మిది మంది, అందరూ మగవాళ్లే. 2016లో పోటీపడ్డ 13 మందిలో ఏడుగురు మహిళలు, అయినా ఫలితం మీకు తెలిసిందే. ఈసారి మహిళల పేర్లు పంపమని దేశాలన్నిటికీ ఉత్తరం వెళ్లింది. వీటో ఉన్నవాళ్లకీ అదే ఉత్తరం వెళ్లింది మరి, చూద్దాం.