సిగరెట్ దాచి కొన్న పాలసీ అక్కరకు రాదు

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 41. బైక్ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది, ఇంటి ఖర్చు నెలకు 35 వేలు. రోజుకు పది సిగరెట్లు, 180 రూపాయలు. పోయినేడు తీసుకున్న 50 లక్షల టర్మ్ పాలసీలో (గడువులోగా చనిపోతేనే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఏజెంటు ‘పొగ అలవాటు లేదు’ అని రాయించాడు. ఆరోగ్య బీమా కూడా అలాగే తీసుకోమంటున్నాడు. భార్య నగలు తాకట్టు పెట్టి 3 లక్షలు తెచ్చి రేణిగుంట దగ్గర ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వొచ్చా?

జవాబు: ప్లాటు సంగతి తర్వాత, ముందు ఆ అబద్ధం సరిచేయండి. ఇలా రాయించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

రేపు గుండెనొప్పితో తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో వేలూరు ఆసుపత్రికో వెళితే డాక్టరు ముందుగా అడిగే వాటిలో పొగ అలవాటు ఒకటి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా నిజమే చెబుతారు. అది కేస్ షీట్‌లో, అక్కణ్నుంచి డిశ్చార్జ్ సమ్మరీలో చేరుతుంది. క్లెయిమ్‌తో పాటు కంపెనీకి వెళ్లేది ఆ కాగితమే, అబద్ధం బయటపడితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. దేశంలో పొగాకు ఏటా 13 లక్షల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంటోంది. గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు. పొగతాగేవాళ్లకు ప్రీమియం ఎక్కువ వేసేది ఆ లెక్క చూసే. బీడీకీ మినహాయింపు లేదు.

మూడేళ్లు దాటితే జీవిత బీమాను ప్రశ్నించలేరని బీమా చట్టం 45వ సెక్షన్ అంటుంది, నిజమే. ఈలోపు మీకేమైనా అయితే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆరోగ్య బీమాలో ఆ గడువు 60 నెలలు. మోసం రుజువైతే ఆ రక్షణ కూడా ఉండదు.

ఈ వారమే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: పాలసీ నంబరు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లుగా. ప్రీమియం పెంచొచ్చు, పరీక్షలు అడగొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. అందుకే నిజం రాసి మరో కంపెనీలో ప్రపోజల్ వేసి ఉంచండి. పరీక్ష ముందు రెండు రోజులు మానేస్తే చాలనుకోవద్దు, నికోటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే కోటినిన్ మూత్రంలో కనిపించి పట్టిస్తుంది. ఆరోగ్య బీమా కుటుంబం మొత్తానికి 10 లక్షలకు, నిజం చెప్పే తీసుకోండి. గది అద్దెకు పరిమితి లేనిదై ఉండాలి, లేకపోతే పరిమితి దాటిన గది తీసుకున్నప్పుడు అద్దెలోనే కాదు, బిల్లులోని మరికొన్ని ఖర్చుల్లోనూ కోత పడొచ్చు. నెట్‌వర్క్ జాబితాలో, అంటే బిల్లు నేరుగా కంపెనీయే కట్టే ఆసుపత్రుల్లో, వేలూరు, చెన్నై ఆసుపత్రులు ఉన్నాయో లేదో చూడండి.

నగలు పెట్టి ప్లాటుకు అడ్వాన్సా? వద్దే వద్దు. గడువులోగా మిగతా సొమ్ము సర్దలేకపోతే అడ్వాన్సు పోతుంది, వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, చివరికి నగలు వేలానికి వెళతాయి. నెల రోజులు మంచాన పడితే షాపు ఎవరు తెరుస్తారు? మీకిప్పుడు కావలసింది ఆరు నెలల ఖర్చు, 2.10 లక్షలు. సిగరెట్ డబ్బు నెలకు 5,400. షాపు నుంచి మరో 5 వేలు కలిపి ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కడితే 20 నెలల్లో దాదాపు అంత పోగవుతుంది. మానడానికి 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం. మానిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది.

సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి), ఎన్‌పీఎస్ (పింఛను పథకం) లాంటివి ఆ 2.10 లక్షలు చేరాకే.