పాత శాంప్లింగ్ కీబోర్డు: ముందు డిస్కులు, తర్వాతే మరమ్మతు

ప్రశ్న: నా వద్ద 1980ల నాటి శాంప్లింగ్ కీబోర్డు (ధ్వనులను రికార్డు చేసుకుని మీటలతో పలికించే వాద్యం) ఒకటి ఉంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్లాపీ పెట్టవలసి ఉంటుంది. ఈ మధ్య ఒక్కోసారి ఫ్లాపీని చదవకుండానే ఆగిపోతోంది, ఒక్కోసారి మామూలుగా పనిచేస్తోంది. కొన్ని మీటలు కూడా సరిగా పలకడం లేదు. డ్రైవు మార్పిస్తే సరిపోతుందా?

జవాబు: డ్రైవు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ డిస్కులన్నిటికీ నకళ్లు తీయించండి. 1984లో వచ్చిన ఎన్సోనిక్ మిరాజ్ వంటి శాంప్లర్లలో ధ్వనులే కాక, యంత్రాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఫ్లాపీలోనే ఉంటుంది. స్విచ్ ఆపగానే మెమరీలోని శాంపిళ్లన్నీ, అంటే రికార్డు చేసిన ధ్వనులన్నీ చెరిగిపోతాయి కనుక, ఆ డిస్కు పాడైతే చిప్పులన్నీ బాగున్నా కీబోర్డు పలకదు. పాడైన విడిభాగానికి ప్రత్యామ్నాయం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది గానీ, మీరు స్వయంగా రికార్డు చేసుకున్న శాంపిల్ మరెక్కడా దొరకదు. ఈ డిస్కుల ఫార్మాట్ చాలావరకు మామూలు కంప్యూటర్లకు అర్థం కాదు. అయస్కాంత సంకేతాన్ని ఉన్నదున్నట్టుగా చదివే గ్రీజ్‌వీజిల్ వంటి పరికరంతో నకలు తీయాలి. బూజు పట్టిన డిస్కును మాత్రం శుభ్రం చేయకుండా ఏ డ్రైవులోనూ పెట్టకండి, అది డిస్కును చదివే హెడ్‌ను కూడా పాడుచేస్తుంది.

నకళ్లు చేతికి వచ్చాక పవర్ సప్లయ్‌ను పరీక్షించాలి. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే లోపానికి డ్రైవునే తప్పుపట్టడం తొందరపాటు అవుతుంది. డ్రైవు మోటారు తిరగడం మొదలుపెట్టినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది; విద్యుత్తును నిల్వ చేసి సరఫరాను నిలకడగా ఉంచే ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు దశాబ్దాలుగా వేడికి ఎండిపోయి ఆ భారాన్ని తట్టుకోలేకపోతే 5 వోల్టుల సరఫరా కుంగుతుంది. అది 4.75 వోల్టుల కన్నా దిగువకు పడితే ఆ కాలపు లాజిక్ చిప్పుల ప్రవర్తనకు భరోసా ఉండదు. అందువల్ల మీటరుతో కొలిచే పనిని డ్రైవు తిరుగుతుండగానే చేయించండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉండవచ్చు కనుక, అనుభవం లేనివారు పెట్టె విప్పకూడదు.

సరఫరా బాగుంటే అప్పుడు డ్రైవు వంతు. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం, బెల్టుతో నడిచే డ్రైవు అయితే సాగిపోయిన బెల్టును మార్చడం మొదట చేయవలసినవి. మీ యంత్రం తక్కువ సామర్థ్యం గల పాత రకం డబుల్ డెన్సిటీ డిస్కులు వాడేదైతే, వాటికి బదులుగా 1.44 ఎంబీ హై డెన్సిటీ డిస్కులు వాడకండి. వాటి అయస్కాంత పూతకు మరింత బలమైన రాత అవసరం కనుక, ఈ రోజు రాసింది కొన్నాళ్లకు చదవడానికి రాకపోవచ్చు. మీ మోడల్‌కు సరిపడే ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించిన గోటెక్ ఎమ్యులేటర్‌ను ఫ్లాపీ డ్రైవు స్థానంలో అమర్చుకుంటే పెన్‌డ్రైవే ఫ్లాపీలా పనిచేస్తుంది. నా అభిప్రాయంలో రోజూ వాయించేవారికి ఇదే మేలైన మార్గం. తీసేసిన పాత డ్రైవును మాత్రం పారేయకుండా భద్రపరచండి.

మీటల సంగతికి వస్తే, చాలా కీబోర్డులలో ఒక్కో మీట కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి తాకడానికి పట్టే వ్యవధిని బట్టి యంత్రం ఎంత గట్టిగా వాయించారో లెక్కిస్తుంది. వాటిలో ఒకదానికి మురికి పట్టినా ఆ మీట పలకకపోవచ్చు, లేదా ఎంత మెల్లగా నొక్కినా పెద్దగా మోగవచ్చు. కార్బన్ పూసిన రబ్బరు కాంటాక్టులైతే గట్టిగా రుద్దకుండా మృదువుగా తుడవాలి. సమాన దూరంలో ఉన్న మీటలు వరుసగా పలకకపోతే మాత్రం అది మురికి కాదు, కేబుల్‌లోనో, ఏ మీట నొక్కారో గుర్తించే స్కానింగ్ సర్క్యూట్‌లోనో లోపం ఉన్నట్టు.

ప్రశ్న: వాడని రోజుల్లో ఇలాంటి కీబోర్డును అలాగే ఉంచవచ్చా?

జవాబు: నెలకొకసారి ఓ గంట ఆన్ చేసి ఉంచడం మంచిది. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ల లోపలి ఆక్సైడ్ పొర వోల్టేజీ అందుతుంటేనే నిలకడగా ఉంటుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నదాన్ని మాత్రం నేరుగా ప్లగ్గులో పెట్టకుండా ముందుగా నిపుణుడికి చూపించండి. లోపల బ్యాకప్ బ్యాటరీ ఉంటే అది కారకముందే మార్పించండి. అందులోంచి కారిన ద్రవం బోర్డు మీది రాగి దారులను తినేస్తుంది.