ఎండ కాస్తున్నప్పుడే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతుంటే

నరసన్నపేట దగ్గర పల్లెలో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించారు, పదకొండు దాటాక 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' (కరెంటు లైనులో వోల్టేజి ఎక్కువైంది) అని చూపించి ఇన్వర్టర్ ఆగిపోతోంది, మీటరుకి ఇన్వర్టర్‌కి మధ్య 60 మీటర్ల పొడవున 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉంది అన్నారు కదండీ. ఇన్వర్టర్ మార్చకండి. ముందు ఆ తీగ సంగతి చూడండి.

కరెంటును బయటికి తోయాలంటే ఇన్వర్టర్ తన వోల్టేజి గ్రిడ్ కంటే పెంచుకోవాలి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. రానూపోనూ 120 మీటర్ల 2.5 తీగ నిరోధం సుమారు 0.9 ఓమ్, అంటే 11, 12 వోల్టుల తేడా. మీటరు దగ్గర 243 ఉన్నా ఇన్వర్టర్ దగ్గర 254. ఇన్వర్టర్ ఆగిపోయే పరిమితి 253.

మిట్టమధ్యాహ్నం, ఇన్వర్టర్ నడుస్తుండగా, ఎలక్ట్రీషియన్ చేత రెండుచోట్లా ఒకేసారి కొలిపించండి. తేడా నాలుగు దాటితే 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి, 3 వోల్టులకు దిగుతుంది. ఇన్వర్టర్‌నే మీటరు పక్కకు జరిపి ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ తీగ పొడిగిస్తే ఇంకా మేలు. మెయిన్ ఆపించి టెర్మినళ్లూ విప్పించి చూడండి. మన సముద్రపు గాలికి రాగి, అల్యూమినియం కలిసిన చోట స్క్రూ కింద తెల్లటి పొడి పేరుకుంటుంది. అక్కడ బైమెటల్ లగ్గు (రాగినీ అల్యూమినియాన్నీ కలిపే తొడుగు) తప్పనిసరి.

ఇన్వర్టర్ ఆపినా మీటరు దగ్గర 250 ఉంటే లోపం లైనుదే. మూడు రోజుల రీడింగులు గంటలవారీగా రాసి కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. పైకప్పు సోలార్ పెంచాలంటే చివరి స్తంభం దాకా తీగ సామర్థ్యమూ పెంచాలి, ఇది విధానంలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. లైట్లు ఒకసారి మండిపోయేంత వెలిగి, ఒకసారి మసకబారితే మాత్రం న్యూట్రల్ వదులైనట్టు. మెయిన్ ఆపి వెంటనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి.

సెట్టింగుల్లో పరిమితిని 270కి పెంచుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలా పెరిగిన వోల్టేజి మీ ఫ్రిజ్జుకీ, పక్కింటివాళ్ల ఫ్యానుకీ కూడా వెళ్తుంది.